నోటీసు బోర్డు పిలిచే నాలుగు నెలలు



సంక్రాంతి సెలవులు ముగిశాయి. కళాశాలల తలుపులు తిరిగి తెరుచుకున్నాయి. మామిళ్లు పూత పూసే ఈ రోజుల నుంచి ఎండలు ముదిరి పరీక్షలు ముగిసే వరకు గల నాలుగు నెలలు కళాశాల ప్రాంగణంలో అత్యంత సందడిగా సాగే కాలం. ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు, సేవా శిబిరాలు, ప్రాంగణ నియామకాలు, పై చదువుల ప్రవేశ ప్రకటనలు అన్నీ ఈ కాలంలోనే ఒకదాని వెంట ఒకటి వచ్చి నోటీసు బోర్డు మీద చేరుతాయి. ఒక కాగితం ఊడకముందే దాని మీద మరో కాగితం అతుక్కుంటుంది.

మన ఇళ్లలో మాత్రం ఈ నాలుగు నెలలకు ఒకే ఒక్క తేదీ ఉంటుంది. అది పరీక్ష తేదీ. "పరీక్షలెప్పుడు, ఫీజు ఎంత?" అన్న రెండు ప్రశ్నలతో తండ్రి విచారణ ముగుస్తుంది. తల్లి ప్రశ్న "ఎన్నింటికి వస్తావు?" అన్నదగ్గర ఆగుతుంది. ఈ ప్రశ్నలు తప్పు కావు. కాని వీటికి ఆవల ఉన్నవాటిని ఎవరూ అడగనందువల్ల పిల్లలు కూడా వాటిని తమకు సంబంధించినవిగా భావించడం మానేస్తారు. ఇంటిలో తొలిసారి కళాశాల గడప తొక్కిన పిల్లలకు ఈ నష్టం మరీ అధికం. అన్నో, అక్కో ముందు చదివిన ఇంట్లో "ఆ కాగితం చూశావా?" అని అడిగేవారుంటారు. మన పిల్లలలో చాలామందికి ఆ పలకరింపు లేదు. ఆ లోటును తీర్చవలసింది తల్లిదండ్రులే. అందుకే ఈ నెల మా శీర్షికను ఆ నోటీసు బోర్డుకు కేటాయిస్తున్నాము.

మాట్లాడే అవకాశాలు

ముందుగా దినోత్సవాలను చూద్దాం. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో ఢాకాలో తమ భాష కోసం ప్రాణాలర్పించినవారి స్మృతిలో, యునెస్కో 1999లో ఈ దినాన్ని ప్రకటించింది. వారిలో విద్యార్థులున్నారన్న సంగతి మన పిల్లలకు చెప్పదగినది. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. 1928లో అదే రోజున సర్ సి.వి. రామన్ కోల్‌కతాలో తన ఆవిష్కరణను వెల్లడించారు. దానికి 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన బాల్యంలో కొన్నేళ్లు విశాఖపట్నంలోనే గడిచాయి. మార్చి 8 మహిళా దినోత్సవం, మార్చి 22 ప్రపంచ జల దినోత్సవం, ఏప్రిల్ 7 ప్రపంచ ఆరోగ్య దినోత్సవం. ఈ సందర్భాలలో కళాశాలలు వక్తృత్వ పోటీలు, క్విజ్‌లు, ప్రదర్శనలు ఏర్పాటు చేస్తుంటాయి.

"వీటివల్ల మార్కులు వస్తాయా?" అని అడిగే పెద్దలున్నారు. రావు. కాని నలుగురి ముందు నిలబడి, గొంతు వణకకుండా, చెప్పదలచుకున్నది ఐదు నిమిషాలలో చెప్పగలగడం అనే విద్య మరెక్కడా నేర్పరు. మదర్సాలలో వారానికొకసారి, సాధారణంగా గురువారం, విద్యార్థుల అంజుమన్ జరుగుతుందని మీరెరుగుదురు. పన్నెండేళ్ల కుర్రవాడు మొదటిసారి లేచి తఖ్రీర్ చేస్తున్నప్పుడు కాళ్లు వణుకుతాయి, కంఠస్థం చేసినది సగంలో జారిపోతుంది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే కుర్రవాడు మస్జిదు నిండా ఉన్న జనానికి వినిపించేలా మాట్లాడతాడు. తరగతిలో చదివిన పాఠానికి ఆ గురువారపు సాధన తోడైనందువల్లనే అది సాధ్యమైంది. కళాశాలలోని వక్తృత్వ పోటీ కూడా అటువంటి సాధనే. రేపు ఉద్యోగపు ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పైగా మన పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. చాలా ఇళ్లలో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య పెరిగిన బిడ్డ ఏ భాషలోనూ పోటీకి దిగకపోవడం విచారకరం. మరికొన్ని ఇళ్లలో తెలుగే మాతృభాష. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) అరబ్బీ, పారసీలతో పాటు తెలుగు, సంస్కృతాలలోనూ పాండిత్యం గడించి తెలుగు కవిగా పేరు పొందారు. ఆ వారసత్వం ఉన్న సమాజపు పిల్లలు తెలుగు వ్యాసరచన పోటీకి పేరు ఇవ్వడానికి సంకోచించవలసిన పనిలేదు.

ఇక వార్షికోత్సవాలు, ఫెస్టులు. వరంగల్ ఎన్.ఐ.టి.లో జరిగే స్ప్రింగ్ స్ప్రీ వంటి పెద్ద ఉత్సవాల నుంచి మండల కేంద్రంలోని డిగ్రీ కళాశాల వార్షికోత్సవం వరకు అన్నీ ఈ కాలానివే. వీటి పేరెత్తగానే ఆటపాటలు, ఆలస్యంగా ఇంటికి చేరడం, అనవసరపు ఖర్చు పెద్దల కళ్ల ముందు మెదులుతాయి. ఆ జంకు నిరాధారమని మేము అనము. అయితే ఒక ఉత్సవంలో వేదిక మీది కార్యక్రమం ఒక భాగం మాత్రమే. క్విజ్, ప్రాజెక్టు ప్రదర్శన, కోడింగ్ పోటీ, పరిశోధన పత్ర సమర్పణ మరొక భాగం. లెక్కలు రాయడం, అతిథులను ఆహ్వానించడం, రెండు వందల మందికి భోజనం సకాలంలో అందేలా చూడడం ఇంకొక భాగం. మొత్తం ఉత్సవాన్ని నిషేధించడం కన్నా అందులో ఏ భాగంలో పాల్గొంటావని పిల్లవాడితో కూర్చుని తేల్చుకోవడం మేలు. తనకు తగినదాన్ని ఎంచుకోవడం, తగనిదాన్ని వదలుకోవడం ఇంట్లో అలవడిన బిడ్డకు రేపు బయట ఎవరి కాపలా అవసరం ఉండదు.

ఏడు రోజుల శిబిరం

జాతీయ సేవా పథకం, అంటే ఎన్.ఎస్.ఎస్., 1969లో ఆరంభమైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. దానితో పాటు ఏదైనా ఒక గ్రామంలోనో, వాడలోనో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. ఇంటింటి సర్వే, పారిశుద్ధ్యం, మొక్కల పెంపకం, ఆరోగ్య శిబిరాలకు సాయం వంటివి అక్కడి పనులు. ఎన్.సి.సి.లో ఉన్నవారికి బి, సి సర్టిఫికెట్ పరీక్షలు కూడా సాధారణంగా ఈ నెలలలోనే వస్తాయి. కొన్ని ఉద్యోగాలలో, ప్రవేశాలలో ఆ సర్టిఫికెట్లకు ప్రాధాన్యం ఉంది.

శిబిరం అనగానే మన ఇళ్లలో అసలు సమస్య మొదలవుతుంది. కొడుకైతే "చదువు పాడవుతుంది" అంటారు. కూతురైతే మాట అంతదాకా కూడా రాదు. వెల్డింగ్ దుకాణం నడుపుకునే ఒక పెద్దమనిషి జుమా నమాజు తరువాత కూతురి అనుమతి పత్రం పట్టుకుని మా వద్దకు వచ్చారు. "హజ్రత్, ఆడపిల్లను వారం రోజులు ఊరు కాని ఊరికి పంపమంటున్నారు. సంతకం పెట్టనని చెప్పేశాను. అప్పటి నుంచి అది అన్నం సరిగా తినడం లేదు. మీరు కాస్త నచ్చజెప్పండి" అన్నారు. నచ్చజెప్పవలసింది ఎవరికో తేలాలంటే ముందు విషయం తెలియాలి కదా అన్నాము. వెంట మహిళా అధ్యాపకురాలు ఉంటారా, రాత్రి బస ఎక్కడ, మరుగుదొడ్డి సదుపాయం ఏమిటి, ఎందరు అమ్మాయిలు వెళుతున్నారు, నమాజుకు చోటు దొరుకుతుందా, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న ఆరు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాము. వాటికి జవాబు వచ్చిన తరువాతే కాదనాలో, ఔననాలో నిర్ణయించుకోమన్నాము.

ఆయన కళాశాలకు వెళ్లారు. కూతురు చదివే కళాశాలలో ఆయన అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఇద్దరు అధ్యాపకురాళ్లు శిబిరంలోనే ఉంటారని, బస గ్రామ పాఠశాల భవనంలో అని, పిల్ల ఏ సాయంత్రమైనా ఇంటికి ఫోన్ చేయవచ్చని తెలిసింది. నాలుగో రోజున తానూ, భార్యా వచ్చి చూడవచ్చా అని అడిగారు. తప్పకుండా రండి అన్నారు. సంతకం పెట్టారు. ఆ అమ్మాయి తిరిగి వచ్చాక వారం రోజులపాటు ఆ ఊరి నీటి కష్టాల గురించి తప్ప మరో మాట మాట్లాడలేదని తండ్రి నవ్వుతూ చెప్పారు. ఎన్ని ఇళ్లకు కుళాయి ఉంది, ఎంతమంది స్త్రీలు ఎంత దూరం నడిచి నీళ్లు మోస్తున్నారు అన్నది ఆమె స్వయంగా లెక్క రాసింది. ఇప్పుడు సామాజిక సేవా శాస్త్రంలో పీజీ చదవాలని ఆమె కోరిక.

అన్ని శిబిరాలకూ పంపండని చెప్పడానికి ఈ సంగతి రాయలేదు. ఆ ఆరు ప్రశ్నలకు సరైన జవాబు రాకపోతే వద్దనడమే సబబు. కాని అడిగి తెలుసుకుని వద్దనడం వేరు, అడగకుండానే వద్దనడం వేరు. మొదటిది బాధ్యత. రెండవదానిలో బిడ్డ కోల్పోయిందేమిటో కోల్పోయినవారికి తప్ప ఎవరికీ తెలియదు.

వేసవి సెలవుల కోసం ఇప్పుడే

వేసవిలో చేయవలసిన పనికి వేసవిలో బయలుదేరితే ఆలస్యమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 2020-21 నుంచి అమలైన పాఠ్య ప్రణాళికలో సామాజిక సేవా ప్రాజెక్టును, ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. చాలామంది పిల్లలు చివరి రోజులలో ఎక్కడో ఒకచోట ధ్రువపత్రం సంపాదించి మమ అనిపించుకుంటారు. కాగితం దొరుకుతుంది గాని పని రాదు. ఫిబ్రవరిలోనే విచారిస్తే సహకార బ్యాంకు, ఆసుపత్రి రికార్డుల విభాగం, ఆడిటర్ కార్యాలయం, చిన్న పరిశ్రమ వంటి చోట నిజంగా పని నేర్చుకునే వీలు చిక్కుతుంది. మన సమాజంలో వ్యాపారులు, వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు ఉన్నారు. ఏటా ఇద్దరు విద్యార్థులకు, కులమతాలు చూడకుండా, రెండు నెలలు పని నేర్పితే అదొక శాశ్వతమైన మేలు. వారిని ఈ శీర్షిక ద్వారా అభ్యర్థిస్తున్నాము.

ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో ఉద్యోగ నైపుణ్యాల కోసం ప్రత్యేక కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లని, తెలంగాణలో టి.ఎస్.కె.సి.లని వీటికి పేరు. ప్రాంగణ నియామకాలకు వచ్చే సంస్థల వివరాలు అక్కడే దొరుకుతాయి. తెలంగాణ కళాశాల విద్యాశాఖ డిగ్రీ విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టుల కోసం జిజ్ఞాస పేరుతో పోటీలు నిర్వహిస్తోంది. తమ ఊరి చెరువునో, చేనేతనో, బీడీ కార్మికుల ఆరోగ్యాన్నో అధ్యయన విషయంగా తీసుకునే వీలు విద్యార్థికి ఉంది.

ఇక్కడొక హెచ్చరిక. ఇంటర్న్‌షిప్ ఇస్తామని, ఉద్యోగం ఖాయమని చెప్పి రిజిస్ట్రేషన్ పేరుతోనో, డిపాజిట్ పేరుతోనో డబ్బు అడిగేవారు ఈ కాలంలోనే ఎక్కువగా తిరుగుతారు. పని ఇచ్చేవాడు పని చేసేవాడి నుంచి డబ్బు తీసుకోడన్నది సులువుగా గుర్తుంచుకోదగిన సూత్రం. అనుమానం కలిగితే కళాశాలలోని నియామకాల అధికారిని అడిగిన తరువాతే రూపాయి కదపండి.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారికి

డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు ఈ నాలుగు నెలలు దాదాపు దారి నిర్ణయించే నెలలు. పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాం అనుకునేవారికి అప్పటికే సగం తలుపులు మూసుకుపోతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో పీజీ ప్రవేశాలకు సి.యు.ఇ.టి. పీజీ పరీక్ష ఇటీవలి సంవత్సరాలలో మార్చిలో జరుగుతోంది. అంటే దరఖాస్తు అంతకు చాలా ముందే చేయాలి. రెండు రాష్ట్రాలలోనూ ఎం.బి.ఏ., ఎం.సి.ఏ.లకు ఐసెట్, బి.ఎడ్.కు ఎడ్‌సెట్, మూడేళ్ల న్యాయవిద్యకు లాసెట్ ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ నిర్వహిస్తున్నారు. వీటిలో చాలావాటి ప్రకటనలు ఎండలు మొదలయ్యే వేళకే వచ్చేస్తాయి. ఆలస్య రుసుము చెల్లించి దరఖాస్తు చేసే వీలు ఉంటుంది గాని, పేద ఇంటికి ఆ రుసుము కూడా భారమే.

న్యాయవిద్య వైపు, ఉపాధ్యాయ వృత్తి వైపు మన పిల్లలు మరింతగా చూడాలని మా మనవి. డిగ్రీ పూర్తయిన ఆడపిల్లలకు బి.ఎడ్. చాలా ఇళ్లలో అంగీకారం పొందగల దారి కూడా.

పత్రాల మాట

తెలివి తక్కువై ఆగిన పిల్లల కన్నా పత్రం లేక ఆగిన పిల్లలు మాకు ఎక్కువమంది తారసపడుతున్నారు. అందులోనూ మన పేర్లతో వచ్చే చిక్కు ప్రత్యేకమైనది. మహమ్మద్ అనే పేరు పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఎండీ అని కుదించి ఉంటుంది, బ్యాంకు ఖాతాలో మొహమ్మద్ అవుతుంది. ఒకచోట షేక్ ముందుంటే మరొకచోట చివరికి పోతుంది, ఇంకోచోట అసలే ఉండదు. తల్లి పేరులో బీ, బేగం, ఉన్నీసా మారిపోతుంటాయి. మనకు ఇవన్నీ ఒకే పేరు. కంప్యూటరుకు మాత్రం నలుగురు వేర్వేరు మనుషులు. పదో తరగతి మెమోలో ఉన్న పేరును ఆధారంగా పెట్టుకుని మిగిలినవన్నీ దానికి అనుగుణంగా సరిదిద్దించుకోవాలి. ఈ పనికి వారాలు పడుతుంది గనుక దరఖాస్తు గడువుకు ముందు రోజు మొదలుపెడితే ప్రయోజనం ఉండదు.

ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం కూడా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ జాబితాలోకి రానివారు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి ఇతర నిబంధనలకు లోబడితే, 2019 నుంచి అమలులో ఉన్న ఇ.డబ్ల్యు.ఎస్. 10 శాతం కోటాకు అర్హులు కావచ్చు. ఈ ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే కొత్త సంవత్సరపు పత్రం అవసరమవుతుందన్న సంగతి చాలామంది కౌన్సెలింగ్ నాడు తెలుసుకుని వెనుదిరుగుతున్నారు. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు అన్నది కూడా మరువకండి. విదేశాలలో పై చదువులకు వెళ్లదలచిన మైనారిటీ విద్యార్థులకు తెలంగాణలో 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. దానికీ ఇవే పత్రాలు మూలం.

రంజాన్, పరీక్షలు, పోటీలు

చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కన్నా సుమారు 11 రోజులు తక్కువ. అందువల్ల రంజాన్ ఏటా కొంత ముందుకు జరుగుతుంది. మన దేశంలో 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న ఉపవాసాలు ఆరంభమయ్యాయి. ఫిబ్రవరి, ఆపై జనవరి వైపు జరుగుతూ మరికొన్నేళ్లు ఈ శుభమాసం కళాశాలల సందడి కాలంలోనే వస్తుంది. కనుక దీనికి ప్రణాళిక అవసరం.

రంజాన్ వచ్చిందని నెలంతా కళాశాల కార్యక్రమాలకు దూరమయ్యే పిల్లలున్నారు. పోటీ ఉందని ఉపవాసాన్ని తేలికగా తీసుకునే పిల్లలూ ఉన్నారు. రెండూ సరి కావు. సహరీ తరువాతి గంటన్నర చదువుకు బంగారం వంటి సమయం. కఠినమైన పాఠాలను అప్పుడు చదివి, తేలిక పనులను మధ్యాహ్నానికి ఉంచుకోవాలి. ప్రయోగశాల పరీక్ష గాని, పోటీ గాని ఇఫ్తార్ వేళకు పడితే ముందుగానే, మర్యాదగా, రాతపూర్వకంగా అధ్యాపకులకు విన్నవించుకోవాలి. మన రెండు రాష్ట్రాలలోనూ ముస్లిం ఉద్యోగులను ఈ మాసంలో ఒక గంట ముందుగా ఇంటికి పంపుతూ ప్రభుత్వాలు ఉత్తర్వులు ఇస్తూ వచ్చాయి. విద్యార్థులకు అది దానంతట వర్తించదు గాని, అడిగితే ఉదయపు బ్యాచిలోకి మార్చే అధ్యాపకులు ఎందరో ఉన్నారు. వారిలో ఎక్కువమంది మన మతం వారు కారన్న సంగతిని కృతజ్ఞతతో స్మరించుకోవాలి. ఇంటి పెద్దలు కూడా తమ వంతు చేయాలి. ఇఫ్తార్ వంటకాల పని అంతా పరీక్షలున్న ఆడపిల్ల మీదే పడకుండా అన్నదమ్ములు చేయి వేయాలి. ఈ ఒక్క మార్పుతో ఆమెకు రోజుకు రెండు గంటలు మిగులుతాయి.

మదర్సా విద్యార్థులకు

మా విద్యార్థులను విడిచి ఈ వ్యాసం ముగించలేము. ఆలిమ్, ఫాజిల్ పూర్తిచేసినవారికి విశ్వవిద్యాలయం పరాయి చోటు కాదు. హైదరాబాద్ గచ్చిబౌలిలో 1998లో నెలకొల్పిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గుర్తింపు పొందిన మదర్సాల సనదులతో ప్రవేశాలు కల్పిస్తోంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 2013లో మదర్సా పట్టభద్రుల కోసం బ్రిడ్జ్ కోర్సు ప్రారంభించింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఆయన 1947లో ఆ నగరంలో ఉస్మానియా కళాశాలను స్థాపించిన విద్వాంసుడు. మీ మదర్సా సనద్‌కు ఏ విశ్వవిద్యాలయంలో గుర్తింపు ఉందో వసంతంలోనే రాసి అడగండి. పదో తరగతి, ఇంటర్ లేనివారికి జాతీయ సార్వత్రిక పాఠశాల అయిన ఎన్.ఐ.ఓ.ఎస్. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోను, అక్టోబర్-నవంబర్ నెలల్లోను పరీక్షలు నిర్వహిస్తుంది. హిఫ్జ్ చేసిన మెదడుకు పాఠ్యపుస్తకం బరువు కాదు. దారి చూపేవారే కావాలి.

తల్లులకు, తండ్రులకు చివరగా ఒక చిన్న పని చెబుతున్నాము. పది రూపాయల నోటు పుస్తకం ఒకటి కొనండి. ప్రతి శుక్రవారం రాత్రి భోజనాల తరువాత పిల్లలను కూర్చోబెట్టి "ఈ వారం మీ నోటీసు బోర్డు మీద ఏముంది?" అని అడిగి, వారు చెప్పినదాన్ని తేదీతో సహా రాయండి. మీకు రాయడం రాకపోతే పిల్లలచేతనే రాయించండి. పక్కింటి పిల్లలకు పనికొచ్చేది ఉంటే వారికీ చెప్పండి. ఏప్రిల్ నాటికి ఆ పుస్తకంలో ఇరవై తేదీలు ఉండి, వాటిలో రెండింటికైనా మీ బిడ్డ పేరు ఇచ్చి ఉంటే ఈ వసంతం మీ ఇంటికి ఫలించినట్లే.

అల్లాహ్ మన పిల్లల చదువులో శుభాన్ని ప్రసాదించుగాక. వస్సలామ్.